రీడింగుల కింద సంతకం

సైకిల్ షాపు మేడ మీద గది,
సోమవారం పొద్దున

నా బంగారు బుల్లెమ్మకి,

నాన్న రాసేది. నీ ఉత్తరం శనివారం అందింది. ఇప్పటికి పదకొండుసార్లు చదివాను. ఐదో నెల అన్న సంగతి మూడో పేజీ చివర, అది కూడా నీ కళ్ళద్దాల దుకాణంలోకి కొత్త మిషను వచ్చిందని రాశాక, రాయడం ఏమిటే? నేనైతే కవరు మీదే రాసేవాణ్ణి. పోస్టుమాన్ కూడా చదువుకుని సంతోషపడేవాడు కదా.

పెళ్ళై ఎనిమిదేళ్ళమ్మా. ఈ ఎనిమిదేళ్ళలో నిన్ను ఒక్కసారి అడిగానా? మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ అడగనివ్వలేదు, పోయాక ఆవిడ మాట దాటలేకపోయాను. అడగకుండా నోరు కట్టుకున్నదంతా ఇప్పుడు ఒక్కసారే బయటికొస్తోంది, ఏమీ అనుకోకు.

కాలికి ఈ ప్లాస్టరు లేకపోతే ఈపాటికి మీ గుమ్మంలో ఉండేవాణ్ణి. రిటైరై తొమ్మిదేళ్ళైన మనిషిని ఫోన్ కేబుల్ గుంతలోకి ఎవరు దిగమన్నారని తిట్టావు, సరే తిట్టు. కొత్తగా చేరినవాళ్ళకి అతుకు వేయడం చూపించమని పిలిస్తే గట్టు మీద కూర్చుని చూపిస్తానా? మూడు నెలలు కదలొద్దన్నాడు డాక్టరు. ఫోన్‌లో మాట్లాడదామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళు ఊరంతటికీ ఫోన్లు కలిపినవాడికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకో మాట రాదు. నా సర్వీసు మొత్తంలో ఇంతకన్నా పెద్ద జోకు లేదు.

కింద సైకిల్ షాపాయనకి చెప్పాను. ఎదురింటి టీచరమ్మకి చెప్పాను. ప్లాస్టరు చూడటానికి వచ్చిన కాంపౌండర్‌కి చెప్తే, కాలు కదపకుండా సంతోషపడండి మాస్టారూ అన్నాడు. లోపలున్నవాళ్ళకి పేరు కూడా పెట్టేశాను, కొత్త కనెక్షన్ అని. కొత్త కనెక్షన్‌గారికి తాతయ్య నమస్కారాలు పెట్టాడని చెప్పు. అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ నాన్న


కళ్ళద్దాల దుకాణం, వెనక గది,
గురువారం

నాన్నా,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. స్కాను అయింది. అంతా బాగానే ఉందన్నారు.

ఆయన్ని బస్సు డిపోలో టైర్ల సెక్షనుకి మార్చారు. చేతులు ఎంత కడుక్కున్నా నలుపు పోవడం లేదు.

ఇక్కడ పని ఎక్కువ. కొత్త మిషను అద్దం అరగదీస్తున్నంతసేపూ దాని మీద నీళ్ళు సన్నగా కారుతూ ఉంటాయి. రోజంతా ఆ చప్పుడే.

ఎవరికీ చెప్పకు. చెప్పేశావు కదా, ఇంక చెప్పకు. కాలు జాగ్రత్త.

బుల్లి


సైకిల్ షాపు మేడ మీద గది,
మంగళవారం

బుల్లెమ్మా,

నీ ఉత్తరం పన్నెండు లైన్లు. కరెంటు ఆఫీసువాళ్ళు కూడా నాకు ఇంతకంటే పెద్ద ఉత్తరం రాస్తారు. పని ఎక్కువన్నావు, నమ్మాను. అంతా బాగానే ఉందన్నావు, అది మాత్రం పెద్దక్షరాలతో నా గోడ మీద రాసుకున్నాను.

నేను ఖాళీగా లేను. మంచం కింద పెట్టెలో పాత కేబుల్ ముక్కలున్నాయి కదా, మీ అమ్మ పారెయ్యమని పాతికేళ్ళు పోరినవి. వాటిని చీల్చి రంగు తీగలు బయటికి తీశాను. నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద. ఆ వరసే వరస. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వాటితో ఒక బుట్ట అల్లుతున్నాను. కొత్త కనెక్షన్‌గారి మేజోళ్ళూ టోపీలూ పెట్టుకోవడానికి. సైకిల్ షాపాయన చూసి, బుట్ట వంకరగా ఉంది గురువుగారూ అన్నాడు. వంకర బుట్టలో మేజోళ్ళు పట్టవా అన్నాను.

ఎలా ఉంటుందే? కదులుతోందా? ఎప్పుడు ఎక్కువ కదులుతుంది? అన్నీ రాయి. నేను మంచం మీద ఉన్నవాణ్ణి, నాకు వేరే సినిమా లేదు.

మీ నాన్న


స్కానింగ్ సెంటర్ వరండా,
శుక్రవారం

నాన్నా,

పోయిన ఉత్తరంలో అంతా బాగానే ఉందన్నారని రాశాను. వాళ్ళు అలా అనలేదు.

స్కాను చేసే డాక్టరమ్మ మొదట్లో బాగా మాట్లాడింది. ఇది తల, ఇది వెన్ను, ఇదిగో పాదం అని చూపించింది. తర్వాత మాట ఆగిపోయింది. పొట్ట మీద అదే చోటికి నాలుగుసార్లు వెనక్కి వచ్చింది. అద్దంలో గీత కనపడితే నేనూ అలాగే అదే చోట తిప్పి తిప్పి చూస్తాను. అందుకని ఆవిడ చెప్పకముందే నాకు తెలిసింది.

బొడ్డుతాడులో గడ్డ ఉంది. మాయకి అతుక్కునే వైపు. నిమ్మకాయంత. రక్తనాళాలే ఒకచోట ముద్దగా పెరిగినట్టున్నాయట. క్యాన్సర్ కాదు, పాకదు అన్నారు. దాని చుట్టూ తాడు నీరు పట్టి ఉబ్బింది. చాలా అరుదట. ఆవిడ ఇన్నేళ్ళలో చూడటం ఇది రెండోసారి. మొదటిసారి ఏమైందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

బిడ్డలో ఏ లోపం కనపడలేదు. కానీ బిడ్డకి వెళ్ళాల్సిన రక్తమంతా ఆ గడ్డ పక్కనుంచే వెళ్ళాలి. గడ్డ పెరిగి నాళాల్ని నొక్కితే సరఫరా తగ్గుతుంది. లేదంటే ఆ గడ్డలోకి కూడా రక్తం తోడలేక బిడ్డ గుండె అలిసిపోతుంది. అప్పుడు బిడ్డ ఒంట్లో నీరు చేరుతుంది. కొన్నిసార్లు ఏ సూచనా లేకుండానే ఆగిపోతుందట.

ఏం చేస్తారు అని ఆయన అడిగారు. చూస్తూ ఉంటాం అంది. వారం వారం స్కాను. రక్తం ఎలా పారుతోందో ఎర్రగా, నీలంగా చూపించే స్కాను. ఇవాళ సూదితో ఉమ్మనీరు కూడా తీశారు, పుట్టుకలో ఇంకేమైనా తేడా ఉందేమో చూడటానికి. అది అయ్యాక ఇక్కడ బెంచీ మీద కూర్చోమన్నారు. కూర్చుని రాస్తున్నాను.

మొదటి స్కాను రోజు నేను ఏడవలేదు. ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టాను. మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఆయన వచ్చి ఒక కొస పట్టుకున్నారు.

బుల్లి


సైకిల్ షాపు మేడ మీద గది,
సోమవారం

నా తల్లీ,

నీ ఉత్తరం చదివాను. తర్వాత మళ్ళీ చదివాను. రెండోసారి చదివినప్పుడు ఒక మాట దొరికింది. బిడ్డలో ఏ లోపం లేదని నువ్వే రాశావు. ఎంత మంచి మాట. ముందు అదే రాయాలి కదా, పిచ్చిదానా. అది గోడ మీద రెండో లైనుగా రాసుకున్నాను.

ఇంక ఆ తాడు సంగతి. నేను చదువుకున్నది తొమ్మిదో క్లాసు, తాళ్ళ గురించి చదివింది మాత్రం ముప్ఫై నాలుగేళ్ళు. కేబుల్ ఒకచోట ఉబ్బిందంటే ఏం చేస్తాం? అటూ ఇటూ మూరెడు వదిలి, ఆ ముక్క కోసేసి, రంగుకి రంగు కలిపి అతుకేస్తాం. దీనిలో ఎన్ని తీగలుంటాయని ఎదురింటి టీచరమ్మని అడిగాను. పుస్తకం చూసి మూడు నాళాలుంటాయని చెప్పింది. మూడేనా! నేను రెండు వేల నాలుగొందల తీగలున్న కేబుల్ వానలో కూర్చుని కలిపాను. మూడు కలపడానికి మీ డాక్టర్లకి ఏమిటంట కష్టం? నా మాటగా అడుగు. మర్యాదగానే అడుగు.

ఇంకో సంగతి. వాళ్ళు నిన్ను ఏ లెక్క రాసుకోమన్నా నాకూ రాసి పంపు. మా దగ్గర లైనుమీద ఏ రీడింగు తీసినా తీసినవాడు ఒకచోట, సరిచూసినవాడు ఒకచోట సంతకం పెట్టాలి. నువ్వు తియ్యి, నేను సరిచూస్తాను.

బుట్ట సగమైంది. వంకర అలాగే ఉంది. నాకు మాత్రం సంతోషంగానే ఉందమ్మా, దాన్ని ఏం చెయ్యను.

మీ నాన్న


ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం, ఏడో నెల

నాన్నా,

నీ ఉత్తరాలు నాలుగు వచ్చాయి. జవాబు ఒకేసారి రాస్తున్నాను.

నీ ప్రశ్న డాక్టరమ్మని అడిగాను. నవ్వలేదు. లోపలున్నన్నాళ్ళూ అది నడుస్తున్న లైను, దాన్ని ఎవరూ కోయరు, మీ నాన్నగారికి ఈ మాట అర్థమవుతుంది అంది. బయటికొచ్చాక మామూలుగానే కోస్తారు, గడ్డకీ బిడ్డకీ మధ్యలో. అందాకా చూడటమే.

ఉమ్మనీటి పరీక్షలో తేడా ఏమీ లేదు. గడ్డ కాస్త పెరిగింది. రక్తం ఇంకా సరిగానే పారుతోంది. ముప్ఫై ఐదో వారంలో ఆపరేషన్ చేసి తీస్తామంటున్నారు, అప్పటిదాకా ఉండగలిగితే. బిడ్డ ఊపిరితిత్తుల కోసం నాకు ఇంజెక్షన్లు ఇస్తారు.

రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకుని గంటలో ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టమన్నారు. తగ్గితే వెంటనే రమ్మన్నారు. దుకాణంలో మధ్యాహ్నం గంట సెలవిచ్చారు. లెక్క నీకు కావాలన్నావు.

సోమ పది. మంగళ పది. బుధ పదకొండు. గురు పది. శుక్ర పది. శని పది. ఇవాళ పదకొండు.

నాన్నా, ఒక్కటి అడుగుతాను. నువ్వు సంతోషపడకు. కొన్నాళ్ళు ఆపు. నీ ఉత్తరం కవరు చింపగానే సంతోషం వచ్చి మీద పడుతుంది. అది ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. ఈ ఇంట్లో నేనూ ఆయనా దేని గురించీ మాట్లాడుకోవడం లేదు. ఉప్పు అందించమంటాం, తలుపు వెయ్యమంటాం. అలా ఉంటేనే రోజు గడుస్తోంది.

బుల్లి


సైకిల్ షాపు మేడ మీద గది,
బుధవారం

బుల్లెమ్మా,

ఈ ఉత్తరంలో నవ్వించే మాటలు ఉండవు. కూర్చుని చదువు.

పాత రోజుల్లో భూమిలో కేబుల్ తడవకుండా దాని లోపలికి పొడి గాలి ఎక్కించి ఉంచేవాళ్ళం. రోజుకి రెండుసార్లు మీటరు చూసి ఒత్తిడి ఎంతుందో పుస్తకంలో రాయాలి. ఎక్కడైనా చిల్లిపడితే ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు లోపలికి పోకముందే మేం పోయి పట్టుకుంటాం. మా గ్యాంగులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఎంత చక్కటి రాతో. అతని పుస్తకంలో ప్రతిరోజూ తొమ్మిది, తొమ్మిది, తొమ్మిదిన్నర, తొమ్మిది. మా సూపర్‌వైజర్ ఆ పేజీ ఒక్కసారి చూసి, నువ్వు మీటరు దగ్గరికి వెళ్ళలేదు అన్నాడు. ఎలా తెలిసిందంటే, పొద్దున చల్లగా ఉంటుంది, ఎండెక్కితే నేల వేడెక్కుతుంది, లోపల గాలి మారుతూనే ఉంటుంది. బాగున్న లైను రోజూ ఒకే అంకె చెప్పదు. ఆ పెద్దమనిషి టీ కొట్టులో కూర్చుని రాసేవాడు. మూడో రోజు ఆ లైనులోకే నీళ్ళు దిగి రెండు వీధుల ఫోన్లు పోయాయి.

నీ అంకెలు చూశాను. నువ్వు లెక్కపెట్టడం లేదమ్మా.

తిట్టడం లేదు. నువ్వు టీ కొట్టులో కూర్చునే మనిషివి కాదు. చెయ్యి పెట్టి చూడటానికి భయం. అది నాకు తెలుసు. ఎలా తెలుసో నీకెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మ వద్దంది.

నీకు ముందు ఒకడున్నాడు. నెలలు నిండకుండా వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి పుట్టాడు. నర్సు బయటికొచ్చి, అబ్బాయి, వచ్చి చూడండి అంది. నిలదొక్కుకోనివ్వండమ్మా, అప్పుడు చూస్తాను అన్నాను. సంతోషపడటానికి తొందరేముంది, ముందే సంతోషపడితే తర్వాత తట్టుకోలేను అని లెక్కేసుకున్నాను. బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడకి నీళ్ళ కుండీ ఉంది, దాని కుళాయి కారుతోంది, అది చూస్తూ కూర్చున్నాను. నాలుగింటికి నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి చూడమని అనలేదు.

వాడు నాలుగు గంటలున్నాడు. ఆ నాలుగు గంటలూ నేను గోడవతలే ఉన్నాను. తట్టుకోవడానికి దాచుకున్న బలం ఎందుకూ పనికిరాలేదమ్మా, ఒక్క పిసరు కూడా. మీ అమ్మ నన్ను ఏమీ అనలేదు. చాలా ఏళ్ళ తర్వాత, నీకు జడ వేస్తూ, వాడు ఒక్కసారీ మీ మొహం చూడలేదండీ అంది. అంతే.

అందుకని నేను ఆపను. నీ మీద పడుతుందంటే కవరు చింపకు, పక్కన పెట్టు. నా సంతోషం మాత్రం నేను ఏ రోజుకారోజు ఖర్చుపెట్టేస్తాను.

నీ ఏడు అంకెల కింద నేను సంతకం పెట్టను. కాయితం వెనక్కి పంపుతున్నాను. మళ్ళీ తీసి పంపు.

మీ నాన్న


ఇల్లు, కిటికీ పక్క మంచం,
శనివారం

నాన్నా,

నువ్వు చెప్పింది నిజం. గంటసేపు గోడ గడియారం చూస్తూ పడుకునేదాన్ని. తర్వాత పది అని రాసేదాన్ని. చెయ్యి పెట్టి చూస్తే దాన్ని ఏదో అడిగినట్టుంటుంది. అడిగితే జవాబు రావాలి కదా.

అన్నయ్య సంగతి చదివి ఉత్తరం ఆయనకిచ్చాను. ఆయన చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మర్నాడు డిపో నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చారు. నేను లెక్కపెడుతుంటే పక్కన కూర్చుని పెన్సిలు పట్టుకున్నారు. గురువారం పద్నాలుగు. శుక్రవారం తొమ్మిది. ఇవాళ పద్దెనిమిది. పద్దెనిమిదోది ఆయన చేతికి తగిలింది. ఆయన చెయ్యి చప్పున తీసేశారు, షాక్ కొట్టినట్టు. నువ్వుంటే నవ్వేవాడివి.

ఆదివారం. పదహారు. మా దుకాణం ఓనరమ్మ చూడటానికి వచ్చింది. ఇంక పనికి రావద్దంది.

సోమవారం. పన్నెండు. స్కానులో గడ్డ ఇంకొంచెం పెరిగింది. ఉమ్మనీరు ఎక్కువైంది. బిడ్డ గుండె కాస్త పెద్దదైందన్నారు. మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు.

మంగళవారం. పదమూడు. రెండో ఇంజెక్షన్.

బుధవారం. పది. ఇది నిజం పది నాన్నా.

గురువారం. మూడు. మళ్ళీ ఇంకో గంట చూశాను. రెండు. ఆయన సంచీ సర్దుతున్నారు. నాకు భయంగా కూడా లేదు. చేతులు వాటంతటవే బొత్తాలు పెడుతున్నాయి. ఈ కాయితం ఆయన


పిల్లల వార్డు బయట బెంచీ,
శనివారం మధ్యాహ్నం

బుల్లెమ్మా,

నిన్న అల్లుడు సైకిల్ షాపాయనకి ఫోన్ చేసి చెప్పాడట. ఆయన మేడెక్కి వచ్చి నా చెవిలో అరిచాడు. ప్లాస్టరు తీసి ఆరు రోజులైంది, కర్ర చేతికొచ్చింది. బస్సులో ఆరు గంటలు. అల్లుడు నువ్వు పోస్టు చేయని ఉత్తరం నా చేతిలో పెట్టాడు. చివరి లైను సగంలో ఉంది. మిగతా సగం అల్లుడే నా చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. వెళ్ళగానే ఆపరేషన్ చేసేశారట. ముప్ఫై రెండో వారం. కేజీ ఏడొందలు. పాప. పుట్టగానే ఏడవలేదని, తర్వాత ఏడ్చిందని. గడ్డని పరీక్షకి పంపారని. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే అని డాక్టరమ్మ ఏదో అనబోయి ఆపేసిందని.

నిన్ను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళారట. తల్లికి తప్ప లోపలికి ఎవరికీ వీల్లేదంటోంది నర్సు. నేను బెంచీ మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. అద్దంలోంచి చూస్తే మూడో గాజుపెట్టె మన పాపది అన్నారు. నా కళ్ళకి అంత దూరం ఆనదు. ఏదో చిన్న ఎర్రటిది కనపడింది. అదే కాబోలు అని దానికి చెయ్యి ఊపాను. కాకపోయినా ఫరవాలేదు, ఎవరో ఒకరి పాపే కదా.

ఇక్కడ నువ్వు చెప్పేది నాకు వినపడదు. అందుకని ఈ చీటీ నర్సుకిచ్చి పంపుతున్నాను. లోపల మీటరు మీద ఏముందో రాసి పంపు.

మీ నాన్న


పిల్లల వార్డు, మూడో పెట్టె,
అదే చీటీ వెనక

నాన్నా,

ఎర్రటిది అదే.

నిలదొక్కుకుంటుందా అని అడిగాను. డెబ్భై రెండు గంటలు గడవాలన్నారు. నలభై ఆరో గంట నడుస్తోంది. పెట్టెకి ఒక గుండ్రటి కిటికీ ఉంది. అందులోంచి వేలు పెట్టమన్నారు. చాలాసేపు పెట్టలేదు. తర్వాత పెట్టాను. పట్టుకుందో, ఊరికే తగిలిందో తెలియదు. ఇంకా తీయలేదు. ఎడమ చేత్తో రాస్తున్నాను, రాత అందుకే ఇలా ఉంది.

మీటరు మీద గుండె అంకె:

నూట నలభై ఆరు
నూట యాభై మూడు
నూట నలభై ఒకటి
నూట నలభై తొమ్మిది
నూట అరవై
నూట యాభై ఒకటి

చూస్తూనే ఉన్నాను. ఏ రెండూ ఒకటి కాలేదు.

బుల్లి


బెంచీ,
మూడుంబావు

అందాయి. చూశాను. ఈ చీటీ దాచు. వార్డు బయట అందరికీ చెప్పేశాను, ఏమనుకున్నా సరే.

సరిచూశాను.

సంతకం,
తాతయ్య